ఐసు అక్కర్లేని సరుకు

నా కంప్యూటరు చచ్చిపోయిన రోజున మా ఇంట్లో పండగ వాతావరణం. ఆ ఉదయమే డాలరు మళ్లీ పెరిగిందని నాన్నకు ఫోనొచ్చింది. మన రొయ్యలు అమెరికా వెళ్తాయి, వాళ్ల డాలర్లు ఇటు వస్తాయి, కాబట్టి డాలరు బలిస్తే మనమూ బలుస్తాం అన్నది ఆయన అర్థశాస్త్రం. ఆ సంతోషంలో ఇంకో పెసరట్టు వేయించుకున్నాడు. పక్క గదిలో నేను పవర్ బటన్ నొక్కుతూ కూర్చున్నాను. పదకొండేళ్ల నాటి పెట్టె. ఒకసారి మూలిగి, కాలిన వాసన వదిలి, ఊరుకుంది.

"ఏంటే ఆ వాసన? పొయ్యి మీద ఏమన్నా పెట్టి మర్చిపోయావా?" అని అమ్మ వంటింట్లోంచి అరిచింది. పొయ్యి ముందు నిలబడి ఉన్నది తనే.

మా తాత కొల్లేట్లో వల వేసి బతికాడు. నాన్న వల తడపకుండానే చేపలు పట్టడం నేర్చుకున్నాడు. కైకలూరు వైపు చెరువుల దగ్గర చేపలూ రొయ్యలూ కొని కంపెనీలకు తోలుతాడు. వారంలో నాలుగు రోజులు అక్కడ, మిగతా రోజులు పటమటలో మా అద్దె ఇంట్లో, చెవికి ఫోను అతికించుకుని. వాన వస్తుందో రాదో మాకెప్పుడూ తెలియదు గానీ, డాలరు ఎంతుందో మాత్రం పాలు రాకముందే తెలుస్తుంది.

ఇక నా సంగతి. గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సుకి ఇంట్లో కూర్చుని పుస్తకాలు కంపోజ్ చేస్తాను. అక్షరాలు టైపు చేయడం, బొమ్మలు సర్దడం, పేజీలు కట్టి మెయిల్లో పంపడం. జీతం గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. కానీ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఫోను మోగితే అది ఆగిపోయేదాకా దానివంక చూస్తూ కూర్చునే మనిషిని నేను. దిగాల్సిన చోటు దాటిపోతున్నా "ఇక్కడే ఆపండి" అనలేక, ఆటో ఇంకో సందు వరకూ వెళ్లాక దిగి వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. అనలేకపోయిన మాటలన్నీ డైరీలో రాసుకుంటాను. డైరీలో నేను చాలా గయ్యాళిని.

ఆ నెల నా చేతిలో ఉన్నది కొల్లేటి పక్షుల మీద పిల్లల బొమ్మల పుస్తకం. రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన ఏళ్ల తరబడి గట్ల మీద కూర్చుని వేసిన రంగుల బొమ్మలు. గూడబాతు ముక్కు కింది సంచి సరిగ్గా రావడానికే ఒక వేసవి పట్టిందట. నెలాఖరుకి పుస్తకం తెచ్చి చేతుల్లో పెడతానని తను పనిచేసిన బళ్లో పిల్లలకు మాటిచ్చేశారు. ఒక్కో బొమ్మ తెరవడానికి నా పాత పెట్టె ఆయాసపడేది. ఇరవై మూడో పేజీ దగ్గర గూడబాతు సగం కనిపించింది. మిగతా సగం కనిపించకుండానే పెట్టె పోయింది.

ప్రెస్సు యజమానికి మెసేజ్ పెట్టాను. ఆయన ఫోను చేశారు. మంచివారు, అదే చిక్కు.

"కంగారు పడకమ్మా. వారం పది రోజులు చూడు. బాగవకపోతే మన దగ్గరికే వచ్చేయ్. కౌంటరు పక్కన సిస్టమ్ ఖాళీగానే ఉంది. పని చేసుకుంటూ, వచ్చినవాళ్లకి పెళ్లికార్డులు కూడా చూపించొచ్చు. అయినా ఒక్కదానివే ఇంట్లో కూర్చుని ఎన్నాళ్లని చేస్తావు? అలవాటైతే ఇక్కడే ఉండిపోదువుగాని."

అలవాటైతే ఇక్కడే ఉండిపోదువుగాని! పులి కూడా లేడిపిల్లతో ఇంత ఆప్యాయంగా మాట్లాడి ఉండదు.

రిపేరు చేసే అతను పెట్టె విప్పి చూసి, మదర్‌బోర్డు కాలిపోయిందని, ఈ మోడలుకి పార్టులు ఎక్కడా దొరకవని, కొత్తది కొనుక్కోవడమే దారని చెప్పాడు.

"కొందాం. బేరం నేను చూసుకుంటా. అక్కడ నువ్వు మాత్రం నోరు తెరవకు," అన్నాడు నాన్న. నేను నోరు తెరుస్తానేమోనని భయపడిన మొదటి మనిషి ఆయనే.

బేరం విషయంలో నాన్నకు ఒక్కటే సిద్ధాంతం. సరుకు అమ్మేవాడి దగ్గరుంటుంది, టైము కొనేవాడి దగ్గరుంటుంది. పొద్దున పట్టిన చేప మీద ఐసు వేస్తారు. ఎండ ఎక్కేకొద్దీ ఐసు కరుగుతుంది. ఐసు కరిగేకొద్దీ అమ్మేవాడి గొంతు మెత్తబడుతుంది. కొనేవాడు చేయాల్సిందల్లా చెట్టు కింద కూర్చుని టీ తాగడమే. సాయంత్రానికి అతనే వెతుక్కుంటూ వస్తాడు. ముప్పై ఏళ్లుగా నాన్న ఈ టీలు తాగే మమ్మల్ని పోషించాడు.

గవర్నర్‌పేటలో కంప్యూటర్ల షాపుకి ఆయన స్కూటరు మీద వెళ్లాం. షాపాయనకు నలభై ఏళ్లుంటాయి. నాకు కావలసినవన్నీ ఒక కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చాడు: ప్రాసెసరు, బోర్డు, రెండు ముక్కల మెమరీ, మిగతా సామాను. అడుగున లావుపాటి అక్షరాల్లో "ఈ ధర ఈ రోజు సాయంత్రం ఆరు గంటల వరకే" అని ఉంది.

నాన్న ఆ లైను రెండుసార్లు చదివాడు. ఆయన కళ్లలో అంత వెలుగు నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా చూడలేదు.

"ఆలోచించుకుని వస్తాంలే బాబూ," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చాక నా చెవిలో, "చూశావా? తనంతట తనే బయటపెట్టుకున్నాడు. ఆరు దాటితే అతని పని అయిపోయినట్టే. ఆరుంపావుకి వద్దాం. కాళ్లు పట్టుకుంటాడు," అన్నాడు.

నాన్నా, అది ఐసు వేసే సరుకు కాదు, ఆరు దాటితే కుళ్లిపోదు, అన్నాను. అంటే, రాత్రి డైరీలో అన్నాను. అప్పుడు మాత్రం తలూపాను.

మూడున్నర నుంచి ఆరుంపావు దాకా పక్క వీధిలో ఒక టిఫిను హోటల్లో కూర్చున్నాం. రెండు ప్లేట్లు పునుగులు, నాలుగు కాఫీలు. సర్వరు మా బల్ల ఐదుసార్లు తుడిచాడు. చివరిసారి తుడిచినప్పుడు నా మోచెయ్యి కూడా తుడిచాడు. నాన్న మాత్రం గడియారం చూసుకుంటూ, షాపాయన ఇప్పుడు ఎంత చెమటలు కక్కుతున్నాడో ఊహించుకుంటూ, చాలా హాయిగా ఉన్నాడు.

ఆరుంపావుకి షాపులో అడుగు పెట్టాం. షాపాయన కొత్త కాగితం ప్రింటు తీశాడు. మొత్తం రెండువేల చిల్లర పెరిగింది.

"ఇదేంటయ్యా?"

"ఆరు వరకే అని రాశాను కదా సార్."

"అందుకేగా ఆరు దాటాక వచ్చింది!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ తెలుగే మాట్లాడుతున్నారు. మధ్యలో నేను కీబోర్డుల అట్టపెట్టెల మీద ఏం రాసుందో శ్రద్ధగా చదువుతున్నాను.

"చచ్చిన చేప రేటు పొద్దుగూకాక పెరగడం ఎక్కడన్నా చూశావా నువ్వు?"

"ఇవి చేపలు కాదు సార్. డాలరు పెరుగుతోంది. పైగా ఆంక్షలు. అమెరికావాళ్లేమో చైనాకి మంచి చిప్పులు అమ్మొద్దంటారు. చైనావాళ్లేమో చిప్పుల్లోకి కావాల్సిన ఖనిజాలు ఇవ్వం పొమ్మంటారు. ఉన్న మెమరీని ఏఐ కంపెనీలు లారీలకు లారీలు ఎత్తుకుపోతున్నాయి. చెన్నైలో మా డిస్ట్రిబ్యూటరు గంటకో రేటు చెప్తున్నాడు."

"వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటే గవర్నర్‌పేటలో నీకొచ్చిన నొప్పేంటి?"

"నాకేం లేదు సార్. మీకే."

"డాలరు పెరిగితే మంచిదేగా!" అనేశాడు నాన్న, అలవాటు మీద. షాపాయన ఆయన్ను ఎగాదిగా చూశాడు. రేటు పెరిగిందని సంతోషించే కొనుగోలుదారు అతనికి బహుశా ఆయనే మొదటివాడు.

అప్పుడు నాన్న తన ఆఖరి అస్త్రం తీశాడు. "పదమ్మా, వద్దులే," అని లేచి నడిచాడు. చేపల దగ్గర దీనికి తిరుగులేదు. పది అడుగులు వేసేసరికి వెనకనుంచి "బాబాయ్ గారూ, ఆగండాగండి" అన్న కేక వస్తుంది. అందుకని మేం చాలా మెల్లగా నడిచాం. నాన్న స్కూటరు స్టాండు తీశాడు, మళ్లీ వేశాడు. అద్దం సర్దాడు. సీటు తుడిచాడు. పెట్రోలు మూత విప్పి లోపలికి చూశాడు. షాపాయన అప్పటికి ఇంకొకరికి కాగితం ప్రింటు తీస్తున్నాడు.

ఆ తరవాత పది రోజులు మా ఇంట్లో పొద్దున్నే రెండు ఫోన్లు. ఒకటి డాలరు ఎంతో కనుక్కోవడానికి, ఇంకోటి మెమరీ ఎంతో కనుక్కోవడానికి. డాలరు పెరిగితే ఒక చెవిలో సంతోషం, ఇంకో చెవిలో దుఃఖం. అమెరికా, చైనాల వాణిజ్య యుద్ధం ఆగుతుందని టీవీలో చెప్పిన రోజున నాన్న నన్ను పిలిచి, "ఇంకో రెండ్రోజులు ఓపిక పట్టు. వాళ్లు రాజీ పడుతున్నారు," అన్నాడు. ప్రపంచ శాంతి కోసం మా ఇంట్లో అంత ఆత్రంగా ఎదురుచూడటం అదే మొదలు. వాళ్లు రాజీ పడలేదు. మాస్టారి పక్షులు ఇరవై మూడో పేజీ దాటలేదు.

ఒకరోజు డాలరు కాస్త దిగింది. నాన్న ఉత్సాహంగా షాపుకి ఫోను చేశాడు, స్పీకరు పెట్టి మరీ.

"దిగింది కదయ్యా, ఇప్పుడు చెప్పు."

"ఇది డాలరు పెరిగినప్పుడు కొన్న స్టాకు సార్. ఇది అయిపోవాలి, కొత్తది రావాలి. అప్పుడు చూద్దాం."

"మరి పెరిగినప్పుడు పాత స్టాకు పాత రేటుకి ఇచ్చావా?"

"అప్పుడు కొత్త రేటు కదా సార్."

ఫోను పెట్టేసి నాన్న అరగంట తిట్టాడు. పెరిగేటప్పుడు కొత్త డాలరు, తగ్గేటప్పుడు పాత డాలరు, ఇది వ్యాపారమా దోపిడీయా, కష్టపడి తినేవాడు చేయాల్సిన పనేనా అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే చెరువు రైతు ఒకాయన ఫోను చేశాడు.

"డాలరు పడిపోయింది కదయ్యా, నిన్నటి రేటు ఎక్కడినుంచి ఇవ్వను? ఇవాళ్టి నుంచే తగ్గించేశారు," అన్నాడు నాన్న. కాసేపు అవతలిమాట విన్నాడు. "అదా? మొన్న పెరిగింది నిజమే. కానీ కంపెనీవాళ్లు పాత ఆర్డర్లు నడుపుతున్నారప్పుడు. మనదాకా రావడానికి టైము పడుతుంది. పైగా అమెరికావాడు రొయ్యల మీద సుంకాలేసి కూర్చున్నాడు. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

ఫోను పెట్టేసి, మా ఇద్దరి మొహాలు చూసి, "ఏంటి?" అన్నాడు. అమ్మ "ఏం లేదండీ," అని చిక్కుళ్లు ఒలవడంలో మునిగిపోయింది.

పదో రోజు ప్రెస్సు యజమాని ఫోను చేశారు. పదకొండో రోజు నేను కౌంటరు పక్కన కూర్చున్నాను.

కౌంటరు గురించి క్లుప్తంగా చెప్తాను. మొదటి రోజు ఒక పెద్దావిడ కొడుకు పెళ్లికార్డు ఎంచుకోవడానికి వచ్చింది. కార్డులకన్నా నన్ను ఎక్కువసేపు చూసింది.

"ఎవరమ్మాయివమ్మా నువ్వు?"

చెప్పాను.

"ఏవూరు మీది?"

చెప్పాను.

"పెళ్లయిందా? కాలేదా? అయ్యో. సర్లే, నీ పెళ్లికైతే ఈ రెంటిలో ఏది తీసుకుంటావో చెప్పు."

ఏదో ఒకటి చూపిస్తే పోతుందని వినాయకుడున్న కార్డు చూపించాను. "అబ్బే, ఇదేం బాగుంది!" అని రెండోది తీసుకుంది. నా పెళ్లికార్డు కూడా పెళ్లి కుదరకముందే తిరస్కరణకు గురైంది. నాలుగు రోజుల్లో ఇలాంటివాళ్లు ముప్పైమంది. నాలుగు రోజుల్లో నేను కట్టిన పేజీలు మూడు. ఆ సిస్టమ్ కూడా నా పాతదానికి అక్క వరసే.

నాలుగో రోజు మధ్యాహ్నం డ్రాయింగు మాస్టారు వచ్చారు. ఆయన్ను చూడటం అదే మొదటిసారి. సన్నగా, పొడుగ్గా, ఆయన వేసే కొంగల్లాగే ఉన్నారు. పుస్తకం ఎంతవరకు వచ్చిందని యజమానిని అడిగితే ఆయన నా వైపు చూపించారు. మాస్టారు నా కుర్చీ వెనక నిలబడి తెర మీద పేజీ చూశారు. ఒక ముదురు నీలం నీటికోడి ఉండాలి అక్కడ. ఆ పాత తెరలో అది బొగ్గులా ఉంది. పైగా బొమ్మ పూర్తిగా తెరుచుకోవడం లేదని నేనే దాన్ని చిన్నది చేసి, పలచన చేసి పెట్టాను.

"ఈ రంగు..." అన్నారాయన. ఆగారు. తరవాత చాలా మర్యాదగా, "పోన్లేమ్మా. పిల్లలకేం తెలుస్తుంది," అన్నారు.

తిట్టి ఉంటే డైరీలో బదులు చెప్పేదాన్ని. దీనికి డైరీలో కూడా బదులు దొరకలేదు.

భోజనం టైములో ప్రెస్సు నుంచి బయటపడి కంప్యూటరు షాపుకి నడిచాను, ఒక్కదాన్నే. ప్రపంచంలో నా తరఫున మాట్లాడే శాఖ నాన్నది. ఆ శాఖకు చెప్పకుండా వెళ్లాను. దారి పొడుగునా ఒకే వాక్యం వల్లె వేసుకున్నాను: "ఇవాళ ఎంతండీ?" నా ఖాతాలో ఉన్నదంతా పెట్టినా ఆ కాగితం మీది సామాను మొత్తం ఇప్పుడు రాదని నాకు తెలుసు.

"ఇవాళ ఎంతండీ?" అన్నాను. పర్వాలేదు, బాగానే వచ్చింది.

షాపాయన నన్ను గుర్తుపట్టి, నా వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తలుపు వైపు భయంగా చూశాడు. ఎవరూ లేరని తేలాక స్థిమితపడ్డాడు. నా దగ్గర ఎంతుందో చెప్పాను. "మెమరీ రెండు ముక్కలొద్దు మేడమ్. ప్రస్తుతానికి ఒకటే వేసుకోండి. రెండోది రేటు దిగాక వేసుకోవచ్చు," అన్నాడు.

"దిగుతుందా అండీ?"

"దిగదు."

లెక్కవేసి ధర చెప్పాడు. సరే, ఇవ్వండి, అందామనుకున్నాను. గొంతు పెగల్లేదు. ఆ వాక్యం వల్లె వేసుకోలేదు మరి. నేను నోరు మూసుకుని నిలబడటం చూసి అతను మళ్లీ కాలిక్యులేటరు నొక్కి, "ఐదొందలు తగ్గిస్తాలెండి," అన్నాడు. నేనింకా మాట కూడగట్టుకుంటున్నాను. "ఇంకో రెండొందలు. ఇంక నా వల్ల కాదు మేడమ్, ఒట్టు." అప్పటికి నా గొంతులోకి ఏదో వచ్చింది, కానీ అది దగ్గు. అతను కంగారుపడి మౌసు ఊరికే ఇస్తానన్నాడు. ఇంక ఆలస్యం చేస్తే అతను షాపు రాసిచ్చేసేలా ఉన్నాడని తలూపాను.

ఇంట్లో మూడు రోజులు నాన్న నాతో మాట్లాడలేదు. మొదటి రోజు ఆరు గంటల ముందు చెప్పిన రేటుకీ నేను ఇచ్చినదానికీ ఎంత తేడానో అమ్మతో మాత్రం మాట్లాడాడు, నాకు వినపడేట్టు. "రెండు ముక్కలు రావాల్సిన డబ్బుకి ఒక ముక్క తెచ్చింది మీ అమ్మాయి." అలాంటప్పుడు నేనెప్పుడూ మీ అమ్మాయినే.

నేను ప్రెస్సుకి వెళ్లడం మానేసి నా గదిలో పక్షులు సర్దుకున్నాను. ఒక్క ముక్క మెమరీతో బొమ్మలు మెల్లగానే తెరుచుకునేవి గానీ, తెరుచుకున్నాక మాస్టారు వేసిన రంగులోనే ఉండేవి. పాడుచేసిన మూడు పేజీలూ మళ్లీ మొదటినుంచి కట్టాను.

వారం తిరిగింది. పుస్తకంలో ఇంకా పద్నాలుగు పేజీలున్నాయి. ఒక సాయంత్రం నాన్న నా గదిలోకి వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవరు. మొహంలో డాలరు పెరిగిన రోజు కళ.

"ఆ షాపాయన ఫోను చేశాడు. మెమరీ ఎక్కడా దొరకడం లేదట. ఎవరికో అర్జెంటట. నువ్వు కొన్న ముక్క తిరిగిస్తే, కొన్నదాని మీద సగానికి సగం ఎక్కువిస్తాడట! వాడిన సరుక్కి! పది నిమిషాల పని. ఎక్కడుంటుంది అది?"

"నాన్నా, పని చేసుకుంటున్నాను."

"చేసుకుందువులే. ఇప్పుడు ఇచ్చేసి, దిగాక మళ్లీ కొందాం. లాభం వచ్చినప్పుడు సరుకు దగ్గర పెట్టుకునేవాణ్ణి ఏమంటారో తెలుసా?"

స్క్రూడ్రైవరు పెట్టె మీదికి వచ్చింది. నేను లేచి పెట్టెకీ ఆయనకీ మధ్య నిలబడ్డాను. అలా నిలబడ్డానని నాకూ నిలబడ్డాకే తెలిసింది.

"నేను అమ్మను నాన్నా."

"పోనీ, ఎంతకైతే అమ్ముతావు?"

"ఎంతకీ అమ్మను."

గట్టిగానే వచ్చింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. నాన్న నా మొహంలోకి చూశాడు. ఇప్పుడు అరుస్తాడనుకున్నాను. ఆయన స్క్రూడ్రైవరు మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. చెరువు గట్టు మీద తనకన్నా గట్టి బేరగాడు ఎదురైనప్పుడు అలా చూస్తాడని అమ్మ తరవాత చెప్పింది.

హాల్లోకి వెళ్లి ఫోను చేశాడు. ఆయన రహస్యంగా మాట్లాడితే పక్కింటివాళ్లకు మాత్రమే వినిపిస్తుంది.

"ఇవ్వనంటోందయ్యా మా అమ్మాయి. కాదు, ఆ రేటుకి కాదు. ఇంకా పైకి వెళ్తుందని దానికేదో తెలిసినట్టుంది. పొద్దస్తమానం కంప్యూటర్లో చదువుతూనే ఉంటుంది మరి. అడిగి చూశా, కదల్లేదు. మొన్న నీ దగ్గర కూడా నోరు విప్పకుండా ఏడొందలు దింపిందట కదా! నేనా? నేను దాని ముందు ఎంత!"

వెళ్లి అది నిజం కాదని చెప్పొచ్చు. రేటు సంగతి నాకేమీ తెలియదని, ఆ రోజు గొంతు పెగలక నిలబడ్డానని, నాకు కావలసింది ఈ గది, ఈ తలుపు, ఈ పద్నాలుగు పేజీలు అని చెప్పొచ్చు. కానీ పుట్టి ఇన్నేళ్లకు ఆయన నా గురించి గర్వంగా ఎవరితోనో చెప్తున్నాడు. చెప్పుకోనిచ్చాను.

పేజీలన్నీ అచ్చుకి ప్రెస్సు పెట్టిన గడువుకన్నా రెండు రోజుల ముందే పంపాను. కౌంటరు పక్క కుర్చీలోకి వేరే అమ్మాయిని తీసుకున్నారట. పెళ్లికార్డులు బాగా చూపిస్తుందని యజమాని మెచ్చుకున్నారు. నాన్న ఇప్పుడు పొద్దున్నే నా తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, "ఏమంటావ్ తల్లీ, ఇవాళ రొయ్యలు ఆపమంటావా, తోలమంటావా?" అని అడుగుతున్నాడు. నేను ఏమీ అనను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆపమంటున్నావన్నమాట," అని వెళ్లిపోతాడు.